జైరోతో గురి ఎందుకు పక్కకి జారుతుంది? అసలు మోషన్ కంట్రోల్స్ నేర్చుకోవడం దండగా?

వేగుచుక్క88 (ప్రశ్న)

స్విచ్, పీఎస్5 గేమ్ కన్సోళ్లు వాడేవాళ్లకి కొన్ని ప్రశ్నలు. గది 10 × 11 అడుగులు, ఒక గోడకి మంచం, 43 అంగుళాల టీవీ, పైన సీలింగ్ ఫ్యాన్.

స్ప్లటూన్ 3 షూటింగ్ ఆటలో మోషన్‌తో (కంట్రోలర్‌నే తిప్పి) గురి పెడుతుంటే పది నిమిషాలకే చూపు మెల్లగా ఓ పక్కకి జారిపోతోంది. వై బటన్ నొక్కితే మళ్లీ మధ్యకి వస్తుంది, కాసేపటికి అదే కథ. ఇది చెడిపోయిన జాయ్‌కాన్ (స్విచ్ చేతి కంట్రోలర్) వల్లా, లేక జైరో (కంట్రోలర్ తిరగడాన్ని పట్టే సెన్సర్) స్వభావమే అంతా?

స్విచ్ స్పోర్ట్స్‌లో చేయి తిప్పితే తెర మీద కదులుతోంది కానీ, చేతిని తిప్పకుండా అలాగే ముందుకి చాపితే ఏమీ కాదు. నింటెండో పాత కన్సోల్ వీ (Wii)కి టీవీ మీద ఒక బార్ ఉండేది కదా, స్విచ్‌కి ఎందుకు లేదు?

చివరిగా, బొటనవేలితో తోసే స్టిక్‌కి అలవాటుపడ్డ చేతికి ఫోర్ట్‌నైట్ లాంటి వాటిలో జైరో నేర్పడం వల్ల నిజంగా లాభం ఉందా?

మెమ్స్‌మామ

రెండో ప్రశ్నతో మొదలుపెడతా. అది అర్థమైతే మొదటిది దానంతటదే తేలిపోతుంది.

జాయ్‌కాన్‌లో కదలికని పట్టే సెన్సర్లు రెండు ఉంటాయి. యాక్సెలరోమీటర్ త్వరణం కొలుస్తుంది, జైరో తిరిగే వేగం కొలుస్తుంది. చేయి ఎక్కడుందో చెప్పే సెన్సర్ ఏదీ లేదు. లెక్క కట్టి తెలుసుకోవాలంటే త్వరణాన్ని ఒకసారి కూడితే వేగం, మళ్లీ కూడితే దూరం వస్తుంది. చిక్కేమిటంటే యాక్సెలరోమీటర్‌కి భూమి ఆకర్షణకీ మీ చేతి కదలికకీ తేడా తెలియదు. ఆ ఆకర్షణని తీసేయాలంటే కంట్రోలర్ ఎంత వంగి ఉందో కచ్చితంగా తెలియాలి. అందులో ఒక్క డిగ్రీ తప్పితే, ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 17 సెంటీమీటర్ల చొప్పున పెరిగేంత దొంగ త్వరణం మిగిలిపోతుంది. సెకనులో 8 సెంటీమీటర్లు తప్పు, మూడు సెకన్లకి 75 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే కదలకుండా నిలబడ్డ మనిషి చేయి తెర మీద మూరకి పైగా పాకిపోతుంది. అందుకే గేమ్ చేసేవాళ్లు ఆ లెక్క జోలికే పోరు.

జైరోది ఒక్క కూడికే కాబట్టి నయం. అయినా కదలకుండా ఉన్నప్పుడు కూడా అది సున్నా చూపదు, కొంచెం పైనో కిందో చూపుతుంది. సెకనుకి 0.1 డిగ్రీ తేడా ఉన్నా నిమిషానికి 6 డిగ్రీలు. పైకీ కిందకీ వచ్చే తప్పుని భూమి ఆకర్షణ చూసి సరిదిద్దుకోవచ్చు. కుడి ఎడమల తప్పుకి అలాంటి ఆధారం ఏదీ లేదు. మీ గురి పక్కకే జారడానికి ఒక కారణం ఇదే, వై బటన్ ఉన్నదీ ఇందుకే.

వీ బార్ దగ్గరికొద్దాం. పేరు సెన్సర్ బార్, కానీ అందులో సెన్సర్ ఏదీ లేదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, అంతే. కెమెరా రిమోట్ ముక్కు దగ్గర ఉండేది. ఆ రెండు చుక్కలు ఎక్కడ కనబడుతున్నాయో చూసి గురి లెక్కకట్టేది కాబట్టి జారుడు సమస్యే లేదు. బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు తగినంత ఎడంగా వెలిగించి పెట్టినా పని జరిగేది. కిటికీలోంచి ఎండ పడితే మాత్రం గురి చెదిరిపోయేది. స్విచ్‌ని టీవీ లేకుండా చేతిలో పట్టుకుని కూడా ఆడాలి కనుక బార్ తీసేసి, ఆ పని మొత్తం జైరో నెత్తిన పెట్టారు.

సోనీ మూవ్ కంట్రోలర్ 2010లో ఇంకో దారి పట్టింది. కొసన వెలిగే బంతి, టీవీ దగ్గర కెమెరా. బంతి పెద్దగా కనిపిస్తే దగ్గరున్నట్టు, చిన్నగా కనిపిస్తే దూరమున్నట్టు. మీరడిగిన ముందుకి చాపడం దానికి నిజంగా తెలిసేది.

క్యాలిబ్రేషన్‌కాకా

మామ చెప్పింది సరే, కానీ ముందు అసలు ఏది జారుతోందో తేల్చుకోండి. ఆప్షన్స్‌లో మోషన్ ఆఫ్ చేసి, కంట్రోలర్‌ని నేల మీద పెట్టి చేయి తీసేసి చూడండి. అప్పుడూ చూపు జరుగుతుంటే తప్పు జైరోది కాదు, స్టిక్‌ది. జాయ్‌కాన్ స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ ఉంటుంది. ఆ పూత అరిగితే ఎన్నిసార్లు క్యాలిబ్రేట్ చేసినా (సున్నా సరిదిద్దినా) తాత్కాలికమే, స్టిక్ మార్చాల్సిందే. చాలామంది ఈ రెండు జారుళ్లనీ కలిపేసి తిడుతుంటారు.

మోషన్ ఆన్ చేస్తేనే జరుగుతుంటే ఇలా చేయండి. జాయ్‌కాన్లని కన్సోల్ నుంచి విడదీయండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్‌కి వెళ్లి క్యాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్ తెరవండి. చదునైన చోట కంట్రోలర్ పెట్టి, ఎడమదైతే మైనస్, కుడిదైతే ప్లస్ నొక్కి పట్టుకోండి. తెర మీద అయిందని వచ్చేదాకా కదపొద్దు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, మంచం మీదో, స్పీకర్ పెట్టిన బల్ల మీదో పెట్టి చేయడం. జైరో ఆ చిన్న కదలికనే సున్నా అనుకుంటుంది, ఇక ప్రతి ఆటలోనూ తప్పే. గచ్చు నేల అన్నిటికన్నా మంచిది, పక్కింట్లో మిక్సీ తిరగనప్పుడు. రెండోది వేడి. జైరో సున్నా ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. ఛార్జింగ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా, ఓ పది నిమిషాలు ఆడి, చేతి వేడికి అలవాటుపడ్డాక చేస్తే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇంతా చేశాక కూడా అప్పుడప్పుడు వై నొక్కాల్సే వస్తుంది. కూర్చున్న తీరు మారితే చేతులూ పక్కకి తిరుగుతాయి, అది సెన్సర్ తప్పు కాదు.

మణికట్టు_మహారాజు

మూడో ప్రశ్నకి నా జవాబు: లాభం ఉంది, కానీ స్టిక్ మానేసి జైరో అనుకుంటే నష్టం. పెద్ద మలుపులు స్టిక్‌తో, చివరి ఐదారు డిగ్రీలు మణికట్టుతో. స్టిక్ మీద బొటనవేలు తోసేది వేగాన్ని, అంటే ఎంతసేపు తోశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. జైరోలో చేయి ఎంత తిరిగితే గురి అంత తిరుగుతుంది, మౌస్ లాగా. చిన్న సవరణలకి ఇదే హాయి.

సెన్సిటివిటీని నిష్పత్తిగా ఆలోచించండి. చేయి 1 డిగ్రీ తిరిగితే తెర మీద ఎన్ని డిగ్రీలు? 1 పెడితే సహజంగా ఉంటుంది కానీ చేయి చాలా తిప్పాలి. మణికట్టు సుఖంగా అటూ ఇటూ 20, 30 డిగ్రీల దాకానే తిరుగుతుంది. 3 పెడితే 20 డిగ్రీలకి 60 వస్తుంది, మొదట్లో అది చాలు. స్ప్లటూన్‌లో మోషన్ ఆన్‌లో ఉంటే స్టిక్ కుడి ఎడమలకే పనిచేస్తుంది, పైకీ కిందకీ చేయే గతి. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉండేది ఇందుకే. మోషన్, స్టిక్ సెన్సిటివిటీలు విడివిడిగా −5 నుంచి +5 దాకా ఉంటాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ ఒక్క అంకే.

ఫోర్ట్‌నైట్‌లో 2022లో జైరోని మెరుగుపరిచి, ఫ్లిక్ స్టిక్ కూడా చేర్చారు. ఫ్లిక్ స్టిక్ అంటే స్టిక్‌ని ఎటు తోస్తే చూపు తక్షణం అటు తిరుగుతుంది, పైకీ కిందకీ జైరో చూసుకుంటుంది. మొదటి వారం దాని జోలికి పోకండి. ముందు గురిపెట్టే బటన్ నొక్కినప్పుడే జైరో పనిచేసేలా పెట్టుకోండి, మిగతా సమయంలో చేతులు ఎలా ఊగినా బాధ ఉండదు.

పీసీలో స్టీమ్ (ఆటల యాప్) వాడితే జైరోని మౌస్‌గా పెట్టండి, జాయ్‌స్టిక్‌గా వద్దు. జాయ్‌స్టిక్‌గా పెడితే ఆటలోని డెడ్‌జోన్ (స్టిక్ కాస్త కదిలినా ఆట పట్టించుకోని హద్దు) చిన్న కదలికల్ని మింగేస్తుంది, గరిష్ఠ వేగం పెద్ద కదలికల్ని కత్తిరిస్తుంది. జైరో చెత్త అని ఒక్క గంటలో తీర్పు చెప్పేవాళ్లలో సగం మంది వాడేది ఇదేనని నా అనుమానం. స్మూతింగ్ (కదలికని నునుపు చేసే సెట్టింగ్) కూడా వీలైనంత తక్కువ ఉంచండి. చేతి వణుకు తగ్గుతుంది కానీ గురి ఆలస్యంగా కదులుతుంది.

అసలు లోటు వేరే చోట ఉంది. ఎక్స్‌బాక్స్ మామూలు కంట్రోలర్‌లో జైరోనే లేదు. అన్ని కన్సోళ్లకీ ఆట చేసేవాళ్లు లేనిదాని మీద శ్రమ పెట్టరు కదా. నింటెండో సొంత ఆటలు వదిలేస్తే ఒకదాంట్లో బాగుంటుంది, ఇంకోదాంట్లో మొక్కుబడిగా ఉంటుంది, మరోదాంట్లో ఉండనే ఉండదు.

మిద్దెమీది_బౌలర్

అందరూ గురి గురించే మాట్లాడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా కంట్రోలర్ పట్టించింది బౌలింగే కానీ షూటింగ్ కాదండీ. వీ పది కోట్లకి పైగా అమ్ముడైంది, అందులో వీ స్పోర్ట్స్ వాటా చిన్నదేం కాదు. ఆ టెన్నిస్‌లో పరుగు ఆటే చూసుకునేది, మీరు ఊపిన సమయాన్ని బట్టి బంతి కుడికో ఎడమకో పోయేది. సెన్సర్‌కి ఊపు వచ్చిందని తెలిస్తే చాలు. సెన్సర్‌కి తెలిసిందే అడిగితే ఆట నడుస్తుంది, తెలియంది అడిగితే నవ్వులపాలవుతుంది.

తెలియంది అడిగిందానికి ఉదాహరణ 2010లో ఎక్స్‌బాక్స్‌కి వచ్చిన కినెక్ట్ కెమెరా. చేతిలో ఏమీ ఉండదు, ఒళ్లంతా కెమెరా చూస్తుంది, వినడానికి అద్భుతం. ఒకరికి సుమారు 6 అడుగులు, ఇద్దరికి 8 అడుగుల దూరం కావాలి. మంచం ఉన్న 10 × 11 గదిలో అంత చోటెక్కడిది? పైగా బటన్ లేదు కాబట్టి మెనూలో ఒకటి ఎంచుకోవాలన్నా చేయి గాల్లో పట్టుకుని ఆగాలి. మనిషి కదలికకీ తెర మీద బొమ్మకీ మధ్య ఆలస్యం కంటికి తెలిసేది. 2017లో తయారీ ఆపేశారు.

తెలిసిందే అడిగినదానికి స్విచ్‌లో వ్యాయామం చేయించే ఆట రింగ్ ఫిట్, 2019. రింగ్‌ని ఎంత నొక్కారో కొలిచే సెన్సర్ రింగ్‌లోనే ఉంది, తొడకి కట్టిన జాయ్‌కాన్ కాలి వంపు చూస్తుంది. కింద పోర్షన్ వాళ్లు తలుపు కొట్టకుండా పరుగు బదులు వేరే కదలికలు పెట్టే సైలెంట్ మోడ్ కూడా ఉంది. మీ గదికి ఇది సరిపోతుంది.

ఫ్యాన్ సంగతి మర్చిపోవద్దు. ఆడేచోట చేయి పైకెత్తి ఒకసారి కొలుచుకోండి, ఫ్యాన్ కింద సర్వీస్ కొట్టొద్దు. మణికట్టు తాడు కట్టుకోవడం చాదస్తం కాదు. 2006లో వీ రిమోట్లు టీవీలకి తగిలి, నింటెండో 0.6 మిల్లీమీటర్ల తాడు తీసేసి 1 మిల్లీమీటర్ తాడు ఇవ్వాల్సి వచ్చింది.

వేగుచుక్క88

అందరికీ థ్యాంక్సండీ. కాకా గారూ, మోషన్ ఆఫ్ చేస్తే జారడం లేదు, అంటే స్టిక్ బాగానే ఉన్నట్టే. ఇంకో చిన్న సందేహం: బౌలింగ్‌లో చేయి ఊపాక బంతి కాస్త ఆలస్యంగా వదులుతున్నట్టుంది. జాయ్‌కాన్ బ్లూటూత్ వల్లా?

మెమ్స్‌మామ

బ్లూటూత్ వంతు చిన్నది. జాయ్‌కాన్ 15 మిల్లీసెకన్లకి ఒకసారి సమాచారం పంపుతుంది, అందులో 5 మిల్లీసెకన్ల ఎడంతో తీసిన మూడు కొలతలు ఉంటాయి. ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, మామూలు పిక్చర్ మోడ్‌లో బొమ్మని మెరుగుపరిచే పనికే ఇంతకన్నా చాలా ఎక్కువ సమయం పోతుంది. తర్వాత వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, 2.4లో అది బ్లూటూత్‌కి అడ్డొస్తుంది. కన్సోల్ టీవీ వెనకాల ఉంటే ముందుకి జరపండి. మీ ఒళ్లు కూడా అడ్డమే, జాయ్‌కాన్‌ని వీపు వెనక్కి తీసుకెళ్లి ఊపితే సిగ్నల్ తెగుతుంది.