షుగర్, చిగుళ్ల జబ్బు ఉంటే కణాల్లో డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా?

మలక్‌పేట కోడలు: మా మామయ్యగారికి పన్నెండేళ్లుగా షుగర్. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.2. పొద్దున పళ్లు తోముకుంటే సింకంతా ఎరుపే. కింది పళ్లు రెండు నాలుకతో తోస్తే కదులుతున్నాయి. మొన్న ఒక క్లినిక్‌లో, "ఈ రెండూ కలిస్తే కణాల్లో జన్యువులు దెబ్బతింటాయి, బుగ్గ లోపల గీకి పరీక్ష చేద్దాం" అన్నారట. క్యాన్సరేనని ఆయనకు ఒకటే టెన్షన్. మావారు చేయిద్దామంటున్నారు. ముందు చిగుళ్ల సంగతి చూద్దామని నేను. మీరేమంటారు?

స్లైడు రాణి: మైక్రోన్యూక్లియస్ పరీక్ష అయ్యుంటుందండీ. కణం రెండుగా చీలేటప్పుడు తెగిన క్రోమోజోము ముక్క వెనకబడితే, అసలు కేంద్రకం పక్కన చిన్న చుక్కలా మిగిలిపోతుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పెసరగింజ పక్కన ఆవగింజలా ఉంటుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో స్లైడుకు వెయ్యి కణాలు లెక్కపెట్టి మెడ పట్టేసింది నాకు! షుగర్ ఉన్నవాళ్లలో ఈ చుక్కలు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కానీ అది వందమందిని ఇంకో వందమందితో పోల్చే లెక్క. ఒక్క మనిషికి ఇన్ని ఉంటే ఈ జబ్బు వస్తుందని చెప్పే గీత ఏదీ లేదు.

ఉప్పల్ బాబాయ్: నేను ఒప్పుకోను. రిపోర్టు చేతికొస్తేనే మనవాళ్లలో కదలిక. కాస్త భయం పడితే తప్పేంటి?

పళ్ల డాక్టరమ్మ: భయపడి చేయాల్సింది చిగుళ్ల వైద్యమే కదండీ, అది రిపోర్టు లేకుండానే మొదలుపెట్టొచ్చు. పంటికీ చిగురుకీ మధ్య సందులో సూక్ష్మజీవులు చేరితే తెల్లరక్తకణాలు వాటి మీద ఆక్సిజన్ రసాయనాలు వదులుతాయి. ఆ దెబ్బ మన కణాల డీఎన్‌ఏకీ తగులుతుంది. షుగర్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. చాలా అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష 2022లో వచ్చింది. అందులో, చిగుళ్ల వైద్యం చేయించుకున్నవాళ్లకు, చేయించుకోనివాళ్లకంటే 3-4 నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 పాయింటు తగ్గింది.

ఉప్పల్ బాబాయ్: 2013లో అమెరికాలో 514 మందితో చేసిన ట్రయల్‌లో ఏమీ తగ్గలేదుగా? అదెందుకు చెప్పరు?

పళ్ల డాక్టరమ్మ: నిజమే, తగ్గలేదు. కానీ ఆ ట్రయల్‌లో వైద్యం తర్వాత కూడా చాలామందికి చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. చిగుళ్లే బాగుపడకపోతే షుగర్ ఎలా దిగుతుంది? షుగర్ మందులు మానేసి స్కేలింగ్‌తో (పళ్ల మీద గార తీయించడంతో) సరిపెట్టుకోమని మాత్రం నేననను. ఇంతకీ, ఆయనకు పొగాకు అలవాటుందా?

మలక్‌పేట కోడలు: ఖైనీ పెడతారు. ముప్పై ఏళ్లుగా.

స్లైడు రాణి: అయ్యో, అది ముందే చెప్పాలి కదండీ! పొగాకు ఒక్కటే చాలు, బుగ్గ కణాల్లో ఆ చుక్కలు పెరగడానికి. రిపోర్టులో ఎక్కువని వస్తే షుగర్ వల్లా, చిగుళ్ల వల్లా, ఖైనీ వల్లా అని ఎవరు తేలుస్తారు?

పళ్ల డాక్టరమ్మ: ఖైనీ పెట్టే చోట తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉందేమో డాక్టరు కళ్లతో చూడాలి. అనుమానం ఉంటే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. క్యాన్సర్ భయం అలాగే తీరుతుంది.

ఉప్పల్ బాబాయ్: సరే, ఖైనీ సంగతి తెలిశాక నా ఓటు మార్చుకుంటున్నా.

మలక్‌పేట కోడలు: సోమవారం అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి తీసుకెళ్తున్నాం. వస్తానన్నారు. ఖైనీ డబ్బీ మాత్రం ఇంకా చొక్కా జేబులోనే ఉంది.