ఆస్కార్ చేపల ట్యాంకులో పాచికి నత్తలు వేయొచ్చా?

పటమట కుర్రాడు:
అన్నలూ, నాలుగడుగుల ట్యాంకులో రెండు ఆస్కార్లు పెంచుతున్నా. వారం తిరక్కుండానే అద్దమంతా పచ్చగా పాచి పట్టేస్తోంది. షాపులో అడిగితే నెరైట్ నత్తలు వేసుకో, అవే తినేస్తాయి అన్నారు. వేయమంటారా?

అరండల్‌పేట ఫ్లవర్‌హార్న్:
వేసెయ్ తమ్ముడూ. నా ఫ్లవర్‌హార్న్ చేపతో నాలుగు నెరైట్లు ఏడాదిగా ఉంటున్నాయి. గుల్ల గట్టిది, అద్దాన్ని పట్టుకుంటే చేప పీకలేదు. అవి నడిచిన దారి మేర అద్దం తళతళలాడుతుంది. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి గుల్లలూ బాగుంటాయి. మిస్టరీ నత్తలు మాత్రం వద్దు. వాటి మీసాలు పొడుగు, చేప కొరక్కుండా ఉండదు.

సత్యనారాయణపురం:
నేను ఒప్పుకోనండీ. అద్దాన్ని పట్టుకున్నంతసేపు నెరైట్‌కి ఢోకా లేదు, నిజమే. జారి వెల్లకిలా పడితేనే చిక్కు, తనంతట తాను లేవడం దానికి చాలా కష్టం. మా ఇంట్లో ఒక రాత్రి లైటు ఆర్పబోతూ చూశా. నత్త గులకరాళ్ల మీద తిరగబడి మూత బిగించుకుని ఉంది. ఆస్కార్ దాని పక్కకొచ్చి, కాస్త ఒరిగి, ఒంటికన్నుతో చూస్తూ ఆగిపోయింది. చాలాసేపటికి నత్త మూత కొంచెం తెరిచి పాదం బయటపెట్టింది. అంతే, నోట్లోకి లాగేసింది. ఉమ్మింది, మళ్లీ లాగింది. గుల్ల రాళ్లకి తగిలే టక్ టక్ చప్పుడు బయటికి వినిపించింది. పొద్దున లేచి చూస్తే ఉత్త గుల్ల. చేపని తిట్టి లాభం లేదు. ఆస్కార్లలాంటి సిక్లిడ్ జాతి చేపలకి గొంతులో ఇంకో జత దవడలుంటాయి, ఆహారం నలగ్గొట్టడానికే. దాని నోటి ముందు నత్తని పెట్టింది నేను. ఆ బాధ నాకింకా ఉంది.

సరే, నత్త బతికిందనే అనుకుందాం. పాచి ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆస్కార్లు తిన్న మాంసకృత్తులు అమ్మోనియాగా బయటికొస్తాయి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్, మేతలోని ఫాస్ఫేట్, పైన లైటు: పాచికి ఇంకేం కావాలి? నత్త పాచి తిని ఆ నీళ్లలోనే విసర్జిస్తుంది. ఎరువు ట్యాంకులోనే తిరుగుతుంది. దాన్ని బయటికి పంపేది నీళ్లు మార్చే బకెట్టే.

ఇంకోటి. చేపకి జబ్బుచేసి రాగి కలిసిన మందు వేస్తే నత్తలు చచ్చిపోతాయి. రాళ్లసందులో చచ్చిన నత్తని చూసుకోకపోతే నీళ్లు పాడవుతాయి.

అరండల్‌పేట ఫ్లవర్‌హార్న్:
బకెట్ మాట ఒప్పుకుంటా. నేను వారంవారం నీళ్లు మారుస్తా, నత్తలున్నాయని మానలేదు. కానీ అద్దం గీకే పని తగ్గింది, అది నా కళ్లారా చూసినదే. అడుగున ఇసుక ఉంటే ట్రంపెట్ నత్తలు వేయొచ్చుగా? పగలంతా ఇసుకలోనే దాక్కుంటాయి.

సత్యనారాయణపురం:
అవి బతుకుతాయి, కాదనను. కానీ అవి ఎక్కువగా ఏరుకునేది మిగిలిన మేత. అద్దం మీది పాచికి పెద్దగా పనికిరావు. మేత ఎక్కువైతే ఇసుక నిండా పిల్లలే. నెరైట్లతో ఆ గొడవ లేదు, పిల్లలకి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, మంచినీళ్లలో బతకవు. గుడ్లు మాత్రం నువ్వుగింజల్లా రాళ్లకి అంటుకుని గీకినా ఒక పట్టాన ఊడవు.

పటమట కుర్రాడు:
పోనీ, పాచి తినే సకర్ చేప?

సత్యనారాయణపురం:
వద్దు బాబూ. అడుగు దాటి పెరుగుతుంది, నీ ట్యాంకు చాలదు. చాలక జనం కాలవల్లో వదిలిన జాతే అది. ఇప్పుడు చేపలు పట్టేవాళ్ల వలల్లో పడి, ముళ్లతో వలలు చింపుతోంది. నత్తల్ని కూడా బందరు కాలవలో పారబోయొద్దు. ముందు చెప్పు, లైటు ఎన్ని గంటలు వేస్తున్నావు? ట్యాంకు మీద ఎండ పడుతుందా?

పటమట కుర్రాడు:
పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పదకొండు దాకా. ట్యాంకు తూర్పు కిటికీ పక్కనే.

అరండల్‌పేట ఫ్లవర్‌హార్న్:
ఈ సంగతి ముందే చెప్పాల్సింది తమ్ముడూ. ఇంత వెలుతురుకి నా నాలుగు నత్తలూ నీకిచ్చినా చాలవు.

సత్యనారాయణపురం:
కిటికీకి కర్టెన్ వెయ్. లైటు ఆరేడు గంటలు చాలు. వారానికి మూడోవంతు నీళ్లు మార్చు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపడం మర్చిపోకు. నెల తర్వాత అద్దం ఫొటో పెట్టు, నత్తల సంగతి అప్పుడు మాట్లాడదాం.