రేకుల షెడ్డులో చెక్కపనికి లైట్లు: ఎన్ని, ఎక్కడ, ఏ రంగు?

హన్మకొండ_చెక్కపని:
అందరికీ నమస్తే. ఇంటి వెనక 12 అడుగులకు 18 అడుగుల రేకుల షెడ్డు వేసుకున్నా, ఎత్తు 10 అడుగులు, గోడలకు సిమెంటు పూతే, సున్నం కూడా లేదు. డ్యూటీ నుంచి వచ్చాకే నా పని, అంటే మొత్తం రాత్రిపూటే. ఒక టేబుల్ రంపం, చిన్న లేత్ మిషన్, గోడకు ఆనించి బల్ల. నడుమ రెండు పాత చోక్ ట్యూబులున్నాయి. బల్ల మీదికి వంగితే నా నీడే పెన్సిల్ గీత మీద పడుతుంది. ఇంకో తిప్పలేంటంటే షెడ్డులో సరిగ్గా కుదిరిందనుకున్న టేకు పాలిష్ తీసుకెళ్లి హాల్లో పెడితే ఎర్రగా కొడుతోంది. వరంగల్ చౌరస్తా వైపు షాపులో అడిగితే 100 వాట్ల ఫ్లడ్ లైట్ ఒకటి బిగించుకో, స్టేడియంలా ఉంటది అన్నాడు. నిజమేనా? ట్యూబులే అయితే ఎన్ని కావాలి?

రంపంపొట్టు_కరీంనగర్:
ఫ్లడ్ లైట్ జోలికి పోకు అన్నా. ఒక్కచోటి నుంచి వచ్చే వెలుగు ఎంత ఎక్కువైతే నీడ అంత నల్లగా పడుతుంది, నీ బాధే నీడ కదా. నాలుగు అడుగుల ఎల్ఈడీ ట్యూబులు ఎక్కువ చోట్ల పెడితే ఒకదాని నీడను ఇంకోటి చెరిపేస్తుంది.

లెక్క చూద్దాం. నీ షెడ్డు 216 చదరపు అడుగులు, అంటే 20 చదరపు మీటర్లు. చెక్కపనికి బల్ల మీద 500 లక్స్ ఉంటే హాయిగా ఉంటుంది, అంటే ప్రతి చదరపు మీటరుకు 500 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుగు కొలత) పడాలి, మొత్తం 10,000. కానీ ట్యూబు ఇచ్చిందంతా బల్ల మీదికి రాదు, గోడలు తాగేస్తాయి, పొట్టు పట్టి కొంత తగ్గుతుంది, సుమారు 60 శాతం చేరుతుందనుకో, అంటే ట్యూబులన్నీ కలిపి దాదాపు 16,700 ఇవ్వాలి. 20 వాట్ల ట్యూబు 2,000 ల్యూమెన్ల దాకా ఇస్తుంది (డబ్బా మీద చూసి కొను, వాట్లు చూసి కాదు), కాబట్టి ఎనిమిది. అన్నీ కలిపినా 160 వాట్లే, కరెంటు బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ సిమెంటు గోడలకు మాత్రం ముందు తెల్ల రంగు వేయించు, లేకపోతే ఎనిమిదీ చాలవు.

రెండు ట్యూబులు బల్లకు సమాంతరంగా, నీ తలకూ గోడకూ మధ్య వచ్చేలా పెట్టు. వెలుగు వెనక నుంచి వస్తేనే నీడ బల్ల మీద పడేది. మిగతా ఆరు మూడేసి చొప్పున రెండు వరసలు, అందులో ఒక వరస రంపానికి పక్కగా పోయేలా చూసుకో.

జగిత్యాల_వైర్‌మన్:
ఎన్ని ట్యూబులు, ఎక్కడ అన్నది పై అన్న చెప్పాడు, ప్రాణం మీదికొచ్చే సంగతి నేను చెబుతా. ఆ చోక్ ట్యూబులు రంపం, లేత్ దగ్గర నుంచి వెంటనే తీసేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ట్యూబు వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు గానీ తిరిగే బ్లేడు, లేత్ మీది చెక్క ఆ లయకు కలిసినప్పుడు నెమ్మదిగా తిరుగుతున్నట్టు, ఒక్కోసారి ఆగిపోయినట్టే కనిపిస్తాయి. ఆగిందనుకుని చెయ్యి పెడితే అంతే సంగతులు. ఎల్ఈడీ అన్నారు కదా అని అన్నీ మంచివి కావు, డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు మార్చి ఇచ్చే లోపలి సర్క్యూట్) సరిగా లేని చవక సరుకు కూడా ఇలాగే కొట్టుకుంటుంది. షాపులోనే వెలిగించమని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి, చారలు పాకుతున్నట్టు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

లైట్లకూ మిషన్లకూ వేరు వేరు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్‌లు) పెట్టించండి. చెక్క ఇరుక్కుని రంపం ట్రిప్ అయితే, బ్లేడు ఇంకా తిరుగుతుండగానే షెడ్డు చీకటవకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రెండు ట్యూబులు దానికి కలపండి, కరెంటు పోయినప్పుడూ ఇదే ఉపయోగం. ఇంకోటి, రేకుకు అతికించినట్టు బిగించొద్దు, ఎండాకాలం ఆ వేడికి డ్రైవర్లు త్వరగా పోతాయి. ఒక అడుగు కిందికి గొలుసులతో వేలాడదీయండి.

హన్మకొండ_చెక్కపని:
థాంక్స్ అన్నా, స్లో మోషన్ సంగతి ఇప్పుడే తీసి చూశా, మా ట్యూబులు రెండూ భయంకరంగా కొట్టుకుంటున్నాయి. మరి రంగు? షాపులో అన్నీ 6500 కె (కెల్విన్, వెలుగు రంగు కొలత) అంటున్నారు. ఆదివారాలు పగలు కూడా చేస్తా, పైన ఒక పారదర్శక రేకు వేయిస్తే బాగుంటుందా?

ఉలిదెబ్బ_నిర్మల్:
తమ్మీ, నేను ఫర్నిచర్ పాలిష్ పని చేస్తా కాబట్టి నాకు తెలిసిన ముక్క చెబుతా. 6500 కె నీలం వైపు మొగ్గే తెలుపు, ఎరుపును అణిచి చూపిస్తుంది. నువ్వు షెడ్డులో రంగు చాలలేదని ఇంకో పూత వేస్తావు, హాల్లో పసుపు బల్బులుంటాయి, అక్కడ ఆ ఎరుపంతా బయటపడుతుంది. పొనికి లాంటి తెల్ల చెక్కకు పైన రంగే వేస్తాం కాబట్టి అంత గొడవ లేదు, టేకు, జిట్రేగి దగ్గరే చిక్కు. అంత నీలం కొట్టని 4000 కె తీసుకో, సీఆర్ఐ (రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె, 100కి) 90 పైన ఉన్నది దొరికితే బల్ల మీది రెండింటికైనా అదే పెట్టు. మామూలువి 80 ఉంటాయి. ఏది పెట్టినా చివరి పూతకు ముందు ఒక చిన్న ముక్క హాల్లోకి తీసుకెళ్లి చూడాల్సిందే.

సాన్‌పేపర్ గీతలు పై నుంచి పడే వెలుగులో ఎన్ని లైట్లున్నా కనబడవు. మెడ వంచే టేబుల్ ల్యాంప్ ఒకటి కొని చెక్క అంచు దగ్గర, వెలుగు ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా పక్కగా పెట్టు, ప్రతి గీతా నీడేసుకుని నిలబడుతుంది. రంధ (చిత్రిక) పట్టిన గుర్తులూ అంతే. వానాకాలం మాత్రం రాత్రి తడి పాలిష్ మీద లైటు వేసి వదలకు, ఉసిళ్లు వచ్చి అతుక్కుంటే మళ్లీ మొదటి నుంచి రుద్దుకోవాలి. ఆ రోజుల్లో పాలిష్ పని పగటికి వదిలేయడమే మేలు.

రంపంపొట్టు_కరీంనగర్:
రంగు విషయంలో నిర్మల్ అన్నతో సగమే ఒప్పుకుంటా. కోత పనికి 6500 అయినా ఏం కాదు, చవక, అన్ని షాపుల్లో దొరుకుతుంది. కానీ రెండు రకాలు కలిపితే చెక్క ఒక వైపు నీలంగా, ఒక వైపు పసుపుగా కనిపించి చిరాకేస్తుంది, కాబట్టి బడ్జెట్ ఉంటే అన్నీ 4000 వేసుకో.

పైన పారదర్శక రేకు వద్దు. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ దాదాపు నిటారుగా నెత్తి మీదే, బల్ల దగ్గర నిలబడలేవు. ఉత్తరం గోడకు వెడల్పు కిటికీ పెట్టించు. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు గానీ అంత ఎత్తు మీద నుంచి వచ్చే ఎండకు రెండడుగుల సజ్జ చాలు.

జగిత్యాల_వైర్‌మన్:
కిటికీ పెట్టించేదుంటే బల్లను ముందు ఆ గోడ వైపుకు జరుపుకున్నాకే వైరింగ్ మొదలుపెట్టండి, లేకపోతే పైపులు రెండోసారి తవ్వాల్సి వస్తుంది. ట్యూబులు నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి, స్విచ్ ఆపాకే.