గోల్ఫ్ బంతి పోయిన దూరాన్ని బట్టి స్వింగ్ స్పీడ్ (క్లబ్ ఊపే వేగం) చెప్పొచ్చా?

స్లైస్‌రాజా (బెంగళూరు): కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) కొందామని షాపుకెళ్తే అక్కడ స్పీడు కొలిచే మెషిన్ లేదు. ఎన్ని యార్డులు కొడతారన్నాడు, 230 అన్నాను. 2.3తో భాగించి, మీది గంటకి 100 మైళ్లు సార్, స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే గట్టి కడ్డీ) తీసుకోండి అని తేల్చేశాడు. ఈ లెక్క నమ్మొచ్చా?

గిండీగాలి (చెన్నై): నమ్మొచ్చు బ్రో. ట్రాక్‌మ్యాన్ (క్లబ్, బంతి వేగాలు కొలిచే రాడార్) పాత పట్టికలో పీజీఏ టూర్ మగ ప్రోల సగటు 113 మైళ్లకి క్యారీ 275 యార్డులు, ఆడ ప్రోల ఎల్‌పీజీఏలో 94కి 218. భాగించి చూడు, రెండూ 2.3, 2.4 దగ్గరే తేలతాయి.

బర్డీబాబాయ్ (బెంగళూరు): తిరకాసంతా ఆ క్యారీలోనే ఉంది. క్యారీ అంటే బంతి నేల తాకేదాకా గాల్లో పోయిన దూరం, రాజా చెప్పిన 230లో దొర్లింది ఎంతో ఎవరికి తెలుసు? వేసవిలో ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి దారి) ఎండిపోతే 20, 25 యార్డులు ఊరికే వచ్చేస్తాయి, అది తీసేస్తే అదే లెక్కలో స్పీడు 90కి దిగుతుంది. పైగా మనం ఆడేది 900 మీటర్ల ఎత్తులో, గాలి పల్చన కాబట్టి అదే దెబ్బకి బంతి ఓ 3, 4 శాతం ఎక్కువ పోతుంది. ఇంకోపక్క, ప్రోల బంతి వేగం క్లబ్ వేగానికి దాదాపు 1.48 రెట్లుంటుంది, మనకేమో క్లబ్ తల అంచులకి, హీల్‌కో టోకో తగిలి 1.4 కూడా రాదు, అప్పుడు స్పీడున్నా దూరం కనపడదు.

గిండీగాలి: మాకా ఎత్తు గొడవ లేదుగా. పైగా ఉక్కపోత, గాలి బరువు. ఇక్కడ 230 కొట్టేవాడి స్పీడు ఇంకా ఎక్కువే ఉండాలి.

బర్డీబాబాయ్: ఉక్కపోతకి బరువెక్కేది మన ఒళ్లు, గాలి కాదు నాయనా! నీటి ఆవిరి నైట్రోజన్ కంటే తేలిక, తేమగాలి కాస్త పల్చనే. మీ అసలు ఇబ్బంది మధ్యాహ్నం సముద్రం నుంచి లేచే గాలి. ఎదురుగాలి కోసేసినంత వెనకగాలి తిరిగివ్వదు.

సెవెన్ఐరన్ (చెన్నై): నాకైతే ప్రశ్నే తిరగేసి అడగాలనిపిస్తుందండి. సగటు దూరంతో స్పీడు తేలదు. కానీ బాగా తగిలిన దెబ్బ క్యారీ చూస్తే కనీసం ఇంత స్పీడు ఉండి తీరాలని తెలుస్తుంది, షాఫ్ట్ ఎంచుకోడానికి అది చాలు. ప్రాక్టీసు రేంజి బంతులతో మాత్రం కొలవకండి, అరిగిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల తక్కువ దూరం పోయేలా చేసినవే వాడతారు. గాలి లేని పొద్దున సొంత బంతితో కొట్టి, కాడీని (బ్యాగు మోసే సహాయకుణ్ని) ముందు నిలబెట్టి బంతి మొదట పడిన చోటు గుర్తుపెట్టమనండి, లేజర్‌తో కొలుచుకోవచ్చు. అయినా స్టిఫ్ అన్నదానికి కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు, ఒకరి రెగ్యులర్ (కాస్త ఎక్కువ వంగే రకం) ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉంటుంది. 90 మైళ్ల స్పీడు దగ్గర ఊగేవాళ్లు రెండూ కొట్టి చూడకుండా కొనకూడదు.

స్లైస్‌రాజా: శనివారం కాడీతో కొలిచి అంకె ఇక్కడే పెడతా. అప్పటిదాకా షాపులో అడ్వాన్సు కూడా కట్టను.