"అభిషేకించినవారిని ముట్టకూడదు": ఈ వచనం ఎవరి పక్షం?

విశాఖలో మా పిన్ని ఇంటి కష్టమొకటి ప్రార్థన చేయమని సంఘకాపరికి (పాస్టరుకు) చెప్పుకుంది. తర్వాతి ఆదివారం అది ప్రసంగంలో ఉదాహరణగా వినిపించింది. పేరు చెప్పకపోయినా పేటలో అందరూ గుర్తుపట్టారు. అడగబోతే పెద్దలు "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న బైబిలు వచనం చూపి, కాపరి దేవుడు అభిషేకించినవాడు కాబట్టి క్షమించి ఊరుకోమన్నారు. ఆ వచనానికి నిజంగా ఆ అర్థముందా?

జవాబు: లేదండీ. 105వ కీర్తన 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబాలు. లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేక రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగిన పరదేశులు. హాని చేయగల బలం రాజులది. "ఆయన వారికొరకు రాజులను గద్దించెను" అని పక్కనే ఉంది. దిక్కులేనివారి కోసం పలికిన మాటతో దెబ్బతిన్న మనిషి నోరు మూయించడం అన్యాయం.

ఆ "గద్దించు"ను వదలకండి. ఇప్పుడది కసురుకోవడంలా వినిపిస్తుంది గానీ, ఇక్కడ తప్పును తప్పని ఎదుటే చెప్పడం. లూకా 17:3లోనూ ఇదే క్రియ: "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము, అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము." మీ పెద్దలు మొదటి రెండూ దాటేసి మూడోదాన్ని మాత్రమే మీ పిన్నిగారి మీద మోపారు. లూకా సువార్తను తెలుగు చేసే పని మన విశాఖలో రెండు వందల ఏళ్ల కిందే జరిగింది. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషన్‌వారు, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో చేసిన అనువాదం నుంచి మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇంతకాలంగా మన భాషలో ఉన్నదాన్ని ఇంకా సగమే చదివి వినిపిస్తున్నారు.

మరొకరు: తనను చంపాలని తరుముతున్నా, అభిషిక్తుడైన రాజని దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు కదా? మా సంఘంలో అదే చెబుతారు.

జవాబు: చంపలేదు, నిజమే. కానీ తాను దాగిన గుహలోకే సౌలు వచ్చినప్పుడు అతని వస్త్రపు చెంగు కోసి, తర్వాత గుహ బయటికి వచ్చి దాన్ని చూపి, సౌలు చేస్తున్న అన్యాయాన్ని బిగ్గరగా చెప్పాడు. సౌలు ఏడ్చాడు కూడా. అయినా 1 సమూయేలు 24 చివర సౌలు ఇంటికి వెళ్లాడు, దావీదు తన కొండస్థలానికే వెళ్లాడు. పగ తీర్చుకోలేదు, తిరిగి అతని కొలువులోనూ చేరలేదు.

ఇంకొక సభ్యురాలు: అమ్మా, పిన్నిగారిని "క్షమించావా?" అని వారం వారం అడగకండి. "గుండె చెదరినవారిని ఆయన బాగుచేయువాడు, వారి గాయములు కట్టువాడు" అన్న 147వ కీర్తన మాటలో తొందర లేదు. కొన్నాళ్లు వేరే సంఘంలో వెనక వరసలో కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. పెద్దలతో మాట్లాడేటప్పుడు మత్తయి 18:16 చెప్పినట్టు ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లండి. ఇది మాటతో చేసిన గాయం. ఒంటి మీద చెయ్యి వేసినా, డబ్బు కాజేసినా సంఘ పెద్దల దగ్గర ఆగనక్కరలేదు, నేరుగా పోలీసులకు చెప్పాలి.