పొమ్మనలేక పొగబెట్టిన పంది

అందరికీ నమస్కారం. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రపు వంటకం ఒకదాన్ని తెలుగులో రాస్తూ ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. పింటో బీన్స్, కాల్చిన పచ్చిమిర్చి, స్మోక్డ్ పోర్క్ కలిపి గంటల తరబడి ఉడికించే స్టూ. ఈ స్మోక్డ్‌ని ఏమనాలి?

"పొగబెట్టిన పంది మాంసం" అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పొమ్మనలేక పొగబెట్టడం గుర్తొచ్చాక ఆ మాట ఇక వంటింట్లో ఇమడదు. పోనీ "పొగచూరిన" అందామా? పొగచూరేవి గోడలు, దూలాలు. పాలు పొగవాసన వస్తే మొహం చిట్లిస్తాం. మన మాటల్లో పొగ తగిలిందంటే వంట చెడిందనే. అక్కడేమో ఆ వాసన కోసమే ఈ ముక్క వేస్తారు. గిట్టకు పైన ఉండే కీలు భాగం అది. ఉప్పులో ఊరి, కట్టెల పొగ తిన్నది. రెండు మూడు గంటలు సన్నని సెగ మీద ఉడికేసరికి చర్మం, కీళ్ల దగ్గరి జిగురు కరిగి నీళ్లు చిక్కబడతాయి. ముక్కలో ఉప్పు ఎలాగూ ఉంది, అందుకే వేరే ఉప్పు చివర్లో, రుచి చూశాకే.

జవాబు: ముందు స్టూ సంగతి తేల్చండి. ఇగురు అంటే సరిపోదూ?

నేను: నీరు ఇగిరిపోతేనే ఇగురు కదండీ. ఇందులో గరిటెతో పోసుకునేంత ఉండాలి. పులుసు అందామంటే పులుపే లేదు. స్టూ అనే ఉంచేశాను, అందరికీ తెలిసిన మాటే.

జవాబు: "కాల్చిన పచ్చిమిర్చి"లో కాల్చాక ఇంకా పచ్చి ఏమిటండీ?

నేను: అది రంగు, పండలేదన్న గుర్తు. కాల్చినా పేరు పోదు. నా భయం వేరే. పచ్చిమిర్చి ఎనిమిది అని రాస్తే చదివేవాళ్లు సన్నటి ఘాటు కాయలు వేసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అక్కడివి పొడుగ్గా, కండతో ఉంటాయి. మంట మీద తొక్క నల్లగా బొబ్బలెక్కేదాకా కాల్చి, గిన్నెలో వేసి మూత పెడితే ఆ ఆవిరికే తొక్క ఊడొస్తుంది. అందుకని "బజ్జీ మిర్చి అంత కాయలు" అని పక్కన రాశాను. మిర్చి, పింటో బీన్స్ రెండూ 1965 నుంచి ఆ రాష్ట్రానికి అధికారిక కూరగాయలు. దానికో అధికారిక ప్రశ్న కూడా ఉంది, మిర్చి ఎర్రదా పచ్చదా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అంటారు. నేనైతే "పండుదా, పచ్చిదా?" అని రాశాను. ఈ ఒక్కచోట తెలుగే బాగుందనిపించింది.

జవాబు: పింటో అంటే?

నేను: స్పానిష్‌లో రంగులు పూసినది అని. గింజ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. ఉడికితే మచ్చలు మాయమై, పేరొక్కటే మిగులుతుంది. చిక్కుడు గింజలు అనకండి, ఇవి రాజ్మా జాతివి.

జవాబు: అసలు ప్రశ్నకి నా మాట. మసాలా పట్టిస్తాం, ఉప్పూ కారం పట్టిస్తాం. పొగ పట్టించలేమా?

నేను: భలే! "రాత్రంతా నానిన పింటో బీన్స్‌లో పొగ పట్టించిన పంది కాలు వేసి, మునిగేలా నీళ్లు పోయండి." చదివితే ఎక్కడా అడ్డు తగల్లేదు. ఇలాగే ఉంచేస్తున్నాను.