పేటలో వలస కుటుంబాల కేంద్రం: డబ్బు ఒక్క పనికే ఉంటే పిల్లలకా, అమ్మానాన్నలకా?

కొత్తగడప:
వలస వచ్చిన కుటుంబాల కోసం పేటలో ఒక చిన్న కేంద్రం నడుస్తోంది. వచ్చే ఏడాది నిధులు ఒక్క పనికే సరిపోతాయి. బడి అయ్యాక పిల్లలకు చదువులో సాయం చేయాలా, లేక పెద్దలకు భాష నేర్పుతూ ఫారాలు నింపిపెట్టాలా? కమిటీలో అందరూ పిల్లల వైపే. నా ఓటు పెద్దలకు.

కారణం చెప్తాను. పిల్లలకు భాష తొందరగా అబ్బుతుంది. ఇక ఆ ఇంటికి దుబాసీ వాళ్ళే. ఇంటి ఓనరు పంపిన నోటీసు, కరెంటు బిల్లు, డాక్టరు చెప్పిన మాట, అన్నీ పదేళ్ళ పిల్ల చదివి వినిపించాలి. ఆ పిల్ల అల్లరి గురించి టీచరు ఫిర్యాదు చేసినా తర్జుమా చేసేది ఆ పిల్లే, ఎంతవరకు చేస్తుందో ఊహించుకోండి! నవ్వులాటకు బాగానే ఉంటుంది గానీ, తల్లికొచ్చిన ఆడవాళ్ళ జబ్బు గురించి కొడుకు డాక్టరుకి చెప్పాల్సి వస్తే?

లెక్కలమాస్టారు:
కొత్తగడప గారూ, పిల్లలకు భాష తొందరగా అబ్బుతుందన్న దగ్గరే నాకు అభ్యంతరం. ఆటస్థలంలో మాట్లాడటం వేరు, సైన్సు పాఠం అర్థం చేసుకోవడం వేరు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఈ తేడా ఎప్పుడో చూపించాడు: మాట్లాడే భాష రెండేళ్ళలో వచ్చినా, పాఠ్యపుస్తకాల భాషలో తోటివాళ్ళను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. పద్నాలుగేళ్ళకు వచ్చిన పిల్లాడికి అన్నేళ్ళు ఎక్కడున్నాయండీ? తండ్రి ఇంకో ఏడాది ఆగి నేర్చుకోగలడు, వాడికి పరీక్ష ఆగదు.

పైగా పెద్దల తరగతులు పెడితే మొదటి వారం హాలు నిండుతుంది, ఆ తర్వాత ఖాళీ కుర్చీలే.

నైట్‌షిఫ్ట్:
కుర్చీలు ఎందుకు ఖాళీ అవుతాయో చెప్పనా మాస్టారూ? సాయంత్రం ఆరింటికి క్లాసు పెడతారు, మాకు డ్యూటీ మొదలయ్యేదే అప్పుడు. చంటిపిల్లను ఎక్కడ వదిలి రావాలో ఎవరూ చెప్పరు. షికాగోలో 1889లో వలస వచ్చినవాళ్ళు ఉండే పేటలో వాళ్ళకు సాయంగా మొదలైన హల్ హౌస్ అనే కేంద్రం ఈ సంగతి తొలి రోజుల్లోనే గ్రహించింది. పనికి వెళ్ళే తల్లుల కోసం శిశుశాల, చిన్నపిల్లలకు కిండర్‌గార్టెన్ నడిపింది. చోటు చూపించకుండా 'శ్రద్ధ లేదు' అనడం తేలిక.

కొత్తగడప:
నైట్‌షిఫ్ట్ గారు హల్ హౌస్ ఎత్తారు కాబట్టి ఇంకొకటి. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జేన్ ఆడమ్స్, బడికి వెళ్ళే పిల్లలు తమ తల్లుల్ని చూసి సిగ్గుపడటం గమనించింది. 1900లో అక్కడ లేబర్ మ్యూజియం పెట్టించింది. ఇటలీ, సిరియా, ఐర్లాండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు అందులో తమ పద్ధతిలో నూలు వడికి చూపించేవారు. అమ్మకి ఒక విద్య వచ్చని పిల్లలు నలుగురి ముందూ చూశారు. ట్యూషన్ చెప్పి ఆ గౌరవం తేలేం.

దుబాసీ సంగతి నేనొక్కడినే అంటున్నది కాదు. అమెరికా ఆరోగ్యశాఖ 2016 నిబంధనల్లో, కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు అత్యవసరమైతే తప్ప మైనర్లతో తర్జుమా చేయించుకోకూడదని రాసింది.

చందాపుస్తకం:
అసలు విషయం ఎవరూ అనడం లేదు. నిధులిచ్చేవాళ్ళకు పిల్లల మార్కులు చూపించవచ్చు, ఫొటోలు పెట్టవచ్చు. ఒక తండ్రి అద్దె ఒప్పందం తనంతట తాను చదువుకుని సంతకం పెట్టాడంటే ఏ నివేదికలో రాస్తారు? కమిటీ పిల్లల వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే అని నా అనుమానం. నిధులిచ్చేవాళ్ళ ఇష్టానికే నడిచినా భరోసా లేదు. ఆ హల్ హౌస్ పేరుతో నడిచిన సంస్థే ఎక్కువగా ప్రభుత్వ డబ్బు మీద ఆధారపడి, 2012 జనవరిలో మూతపడింది.

లెక్కలమాస్టారు:
ఫొటోల మాట నిజమే, నాకూ చిరాకే. అయినా నా ఓటు మారదు. ఫారాలు నింపడానికి భాష తెలిసిన వాలంటీర్లు దొరుకుతారు, పైతరగతి లెక్కలు చెప్పేవాళ్ళు ఉచితంగా దొరకడం కష్టం. డబ్బు దొరకని దానికి పెట్టాలి.

నైట్‌షిఫ్ట్:
వాలంటీరు ఇవాళ వస్తాడు, రేపు రాడు మాస్టారూ. కోర్టు కాగితానికి గడువుంటుంది.

కొత్తగడప:
కమిటీలో ఈ వాదనే పెడతాను. ఆదివారం పొద్దున తల్లిదండ్రుల క్లాసు, పక్క గదిలో చంటిపిల్లల్ని చూసుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషి. మాస్టారు గారూ, ఆ పూటే పెద్ద తరగతుల పిల్లలకు మీరు లెక్కలు చెప్తారా?

లెక్కలమాస్టారు:
చెప్తాను. కమిటీలో ఓటు మాత్రం మీకు వ్యతిరేకంగానే వేస్తాను.